మల్లాపూర్ గాలి

దయాకర్‌కు ఈత రాదు. సముద్రాన్ని రెండుసార్లే చూశాడు, రెండుసార్లూ ఒడ్డున నిలబడి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి. కానీ మా నాచారం, ఉప్పల్ చుట్టుపక్కల సముద్రం అడుగుదాకా వెళ్లివచ్చినవాళ్లు కొందరున్నారు. అండమాన్‌లో తాబేలు పక్కన ఈదినవాళ్లు, మాల్దీవుల్లో మాంటా చేప నల్లదుప్పటిలా తలమీదుగా సాగిపోతుంటే ఇసుకలో మోకరిల్లి చూసినవాళ్లు, ఎర్ర సముద్రంలో యుద్ధకాలంలో మునిగిన ఓడ కడుపులో ఇంకా వరుసగా నిలబడి ఉన్న మోటారు సైకిళ్ల మీద టార్చి వేసినవాళ్లు. వీళ్లంతా నీళ్ల కింద పీల్చిన మొట్టమొదటి ఊపిరి మల్లాపూర్ గాలి. దాన్ని సిలిండర్లలోకి ఎక్కించినవాడు దయాకర్.

అతనితో నా పరిచయం పొద్దుటి నడకలో జరిగింది. రైల్వే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాచారంలో ఉంటూ, తోచక మల్లాపూర్ పారిశ్రామికవాడ సందుల్లో నడిచేవాణ్ణి. ఒక రేకుల షెడ్డు ముందు పసుపుపచ్చ సిలిండర్లు వరుసగా పెట్టి ఉంటే, అవి ఏ గ్యాసువని అడిగాను.

"గ్యాస్ గాదు సార్, గాలి."

"గాలి అమ్ముతావా?"

"లే సార్. గాలి ఊకెనే దొరుకుతది. నేను దాన్ని ఒత్తుత, గంతే."

అలా మొదలైంది. భువనగిరి వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, వెల్డింగుకు ఆక్సిజన్ నింపే చోట చేరాడట. తర్వాత మంటలార్పేవాళ్లు వీపుకు తగిలించుకునే గాలి సిలిండర్ల పని నేర్చాడు. చివరికి సొంత కంప్రెసర్ కొని ఈ షెడ్డు పెట్టుకున్నాడు. మనం పీల్చే గాలినే గొట్టంతో లోపలికి లాగి, బొగ్గు వేసిన వడపోతలోంచి పంపి, రెండు బీరువాల నిండా పట్టే గాలిని చేయంత పొడవున్న సిలిండర్‌లో పట్టేలా ఒత్తుతాడు. ఒత్తేటప్పుడు వేడెక్కుతుంది కనుక సిలిండర్‌ను నీళ్లతొట్టిలో నిలబెట్టి, నెమ్మదిగా.

అతని దగ్గర గాలి తీసుకునేవాడు మురళీధర్. భీమిలి ప్రాంతం మనిషి, నౌకాదళంలో డైవరుగా చేసి బయటికొచ్చాక ఉప్పల్ భగాయత్‌లో ఒక ఈతకొలను అద్దెకు తీసుకుని ఆదివారాలు డైవింగ్ నేర్పుతున్నాడు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ పిల్లలు. ముందు కొలనులో, ఆ తర్వాత కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గరో అండమాన్‌లోనో సముద్రంలో. ఒక్కసారి సముద్రం రుచి తగిలినవాళ్లు అక్కడితో ఆగరు. ఎక్కడెక్కడో తిరిగి, తిరిగొచ్చాక దయాకర్ షెడ్డుకు వచ్చి కబుర్లు చెప్పడం ఒక అలవాటుగా మారింది. వాళ్లు చేపల పేర్లు చెబుతారు. దయాకర్ మాత్రం అందర్నీ ఒకటే అడుగుతాడు.

"పైకి వచ్చినప్పుడు గాలెంత మిగిలింది?"

అతను సముద్రాలను గాలితో కొలిచేవాడు. ఇండోనేషియాలో కొమోడో దగ్గర ప్రవాహం మనిషిని జెండాలా ఊపేస్తుందని, రాయికి కొక్కెం తగిలించుకుని నిలబడాలని ఒకడు చెప్పాడు. గాలి తొందరగా అయిపోయిందట. ఐస్‌లాండ్‌లో రెండు భూఖండాల నడుమ చీలికలో దిగినవాడు, నీళ్లు అద్దంలా ఉన్నాయి కానీ చేప జాడే లేదన్నాడు. చలికి వణికి వణికి అతనికీ గాలి మిగల్లేదు. అదే ఇండోనేషియాలో లెంబే అనే చోట నల్లటి ఇసుక, సీసాలు, కొబ్బరిచిప్పలు. ఆ చిప్పల్లో తలదాచుకునే ఆక్టోపస్‌ల కోసం కదలకుండా కాచుకుని కూర్చోవాలి. అక్కడ గాలి చాలాసేపు వచ్చింది. దయాకర్ ఇదంతా విని, "తొందర లేనోడే నీళ్లల్ల ఎక్కువసేపుంటడన్నట్టు," అన్నాడు.

నేను సముద్రం గురించి పుస్తకాల్లో చదివినవి అతనికి చెప్పేవాణ్ణి. ఒకరోజు శుభ్రంచేసే చేప గురించి చెప్పాను. పగడపు దిబ్బల్లో వేలెడంత నీలిచారల చేప ఉంటుంది. పెద్దపెద్ద చేపలు దాని దగ్గరికొచ్చి నోరు తెరిచి నిలబడతాయి. అది ఆ కోరల మధ్యకు దూరి పాచి, పురుగు ఏరి తింటుంది, పెద్ద చేప నోరు మూయదు. దయాకర్‌కు అది భలే నచ్చింది. "గట్ల నమ్మాలె," అన్నాడు. అప్పుడు నేను మిగతాదీ చెప్పాను. అచ్చం దానిలాగే ఉండే ఇంకో చేప ఉంది. అవే చారలు, అదే నడక. నమ్మి దగ్గరికొచ్చినదాన్ని కండ కొరుక్కుని పారిపోతుంది.

దయాకర్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నీళ్లతొట్టిలో సిలిండర్‌ను అటూ ఇటూ తిప్పసాగాడు. హైమావతి, అతని భార్య, టిఫిన్ డబ్బా మూత పెడుతూ అతని వైపు ఒకసారి చూసింది. ఆ చూపు ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

తెలిసేసరికి జరగాల్సింది జరిగింది. ముందు దయాకర్ పని తీరు చెప్పాలి. సిలిండర్ నిండాక వాల్వ్ కాస్త తిప్పి, తడిచేత్తో గాలి పట్టి వాసన చూస్తాడు. నూనె వాసన, రబ్బరు వాసన, పొగ వాసన, ఏదున్నా ఆ గాలి వదిలేసి మళ్లీ నింపుతాడు. వాసన లేకపోతే నోటిగొట్టం పెట్టుకుని తనే కొన్ని ఊపిరులు పీలుస్తాడు. ఎవరూ అడగకపోయినా సరే, తాను పీల్చని గాలి ఇంకొకరికి ఇవ్వడు. గాలిలో విషవాయువు ఉంటే చెప్పే మీటరు ఒకటి పెట్టుకోమని మురళీధర్ ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆ వాయువుకు వాసన ఉండదని కూడా చెప్పాడు. దయాకర్ తన ముక్కు వైపు వేలు చూపించాడు. పొగ లోపలికొస్తే వాసన రాకుండా ఎట్లుంటదన్నాడు. మురళీధర్ కూడా నవ్వి ఊరుకున్నాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు దయాకర్‌ను పట్టుకుని, వదిలిపోతూ ఆ ముక్కును పట్టుకుపోయింది. ఇంట్లో కూర మాడి పొగ కమ్మితే, కళ్లు మండితే తప్ప అతనికి తెలియలేదట. వస్తుంది, వస్తుందని చూశాడు. రాలేదు. ఈ మాట హైమావతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే అతని గాలి ఎవరు నమ్ముతారు? అప్పటినుంచి ఆమె రోజూ మధ్యాహ్నం డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చేది. అతను వాల్వ్ తిప్పేవాడు, ఆమె వంగి వాసన చూసి తల ఊపేది. ఆమె సిలిండర్ ముందు వంగడం నేనూ చాలాసార్లు చూశాను. మొక్కుకుంటోందనుకున్నాను, బతుకుతెరువు కదా అని.

ఏప్రిల్‌లో ఒక శనివారం. లాలాపేట్‌లో చెల్లెలి కూతురి సీమంతమని హైమావతి వెళ్లి, రాత్రి అక్కడే ఉండిపోయింది. మర్నాటి క్లాసుకు సిలిండర్లు నింపాలి. పొద్దున్నే కరెంటు పోయింది. మరమ్మతులంట, సాయంత్రందాకా రాదన్నారు. ఆ సందులో ఇది మామూలే. ఎవరి జనరేటరు నడుస్తుంటే వాళ్ల గోడమీదుగా వైరు లాక్కుంటారు. పక్క షెడ్డులో గిరిప్రసాద్ ప్లాస్టిక్ బకెట్లు చేస్తాడు. అతని జనరేటరునుంచి దయాకర్ వైరు లాక్కుని కంప్రెసర్ ఆన్ చేశాడు. సాయంత్రానికి సిలిండర్లు నిండాయి. వాసన చూసేవాళ్లు లేరు. తను మాత్రం ఎప్పటిలాగే మొదటి ఊపిరులు పీల్చి, మురళీధర్ పంపిన ఆటో ట్రాలీకి ఎక్కించేశాడు.

ఆదివారం నా నడక ముగించుకుని షెడ్డుకు వెళ్లేసరికి దయాకర్ కణతలు నొక్కుకుంటూ కూర్చుని ఉన్నాడు. నిన్నటినుంచి తలనొప్పి, ఎండదెబ్బేమో అన్నాడు. లాలాపేట్ నుంచి అప్పుడే వచ్చిన హైమావతి మాకు చాయ్ పోసి, చెత్త పారేయడానికి వెనక సందులోకి వెళ్లింది. అక్కడినుంచి పిలిచింది.

"ఏమయ్యా, జర గిటు రా. మన గోడ గిట్ల నల్లగెట్లైంది?"

ఇద్దరం వెళ్లాం. షెడ్డు వెనక గోడకు, మనిషెత్తున, కంప్రెసర్ గాలి లాక్కునే గొట్టం మూతి ఉంటుంది. దాని కింద గోడంతా కొత్త మసి. మసికి ఎదురుగా గిరిప్రసాద్ జనరేటరు. ఎప్పుడూ ముందువైపు ఉండేది. ఎండాకాలం కదా, నీళ్ల ట్యాంకరు లోపలికి రావడానికి చోటు చాలక శుక్రవారం దాన్ని వెనక్కి జరిపించాడట. దాని పొగగొట్టం సరిగ్గా ఈ గొట్టం మూతికేసి ఉంది. నిన్నంతా దయాకర్ ఆ జనరేటరు కరెంటుతో దాని పొగనే సిలిండర్లలోకి ఎక్కించాడు.

అతను గోడమీద వేలు రాసి చూసుకున్నాడు. వేలు ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, మధ్యలో ఆపేశాడు. అప్పుడే హైమావతి నాకు ఆ మాట చెప్పింది, అతని ముఖం చూడకుండా, నా ముఖం చూసి. "ఆయినకు వాసన రాదు సార్. కరోనప్పటి సంది. నేనే సూస్త. నిన్న నేను లేను."

క్లాసు మొదలయ్యే వేళ అయిపోయింది. మురళీధర్‌కు ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. నీళ్లలోకి దిగేవాళ్ల ఫోన్లు సంచుల్లో ఉంటాయి. మళ్లీ చేశాం.

దయాకర్ స్కూటరు తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కలేదు. పొగ వచ్చిందో రాలేదో, గాలి ఆ వైపు వీచిందో లేదో, బొగ్గు ఆపిందో ఏమో అని తనలో తను లెక్కలేసుకుంటున్నాడు. తప్పయితే? ఏమీ లేకుండా వెళ్లి ఇదంతా బయటపెట్టుకుంటే? మాట పైకి అనలేదు కానీ ఆ ముఖంలో అంతా కనిపిస్తూనే ఉంది.

"వట్టిగనే పోతే నవ్వుతరు, గంతే," అంది హైమావతి. "నవ్వనీ. నువ్వు పో. నేను ఆటోల వస్త."

ఒక పెద్ద స్పానరు బల్లమీదుంటే అతను ఎందుకో తీసి నడుముకు దోపుకున్నాడు. నేను వెనక ఎక్కాను. నా వయసులో స్కూటరు వెనక కూర్చోవడమే ఒక సాహసం. ఒక చేత్తో అతని భుజం, ఒక చేత్తో ఫోను. నాచారం రోడ్డంతా నేను మురళీధర్ నంబరు నొక్కుతూనే ఉన్నాను. కొలను ఆఫీసు నంబరు స్విచ్ఛాఫ్.  హబ్సిగూడ దాకా దయాకర్ వేగంగా పోలేదు. దానికే నాకు భయం వేసింది. ముందున్న బండిని దాటే చోట కూడా దాటకుండా, దారి మరిచిపోయినవాడిలా నడుపుతున్నాడు. ఆ పొగ అతను కూడా నిన్నంతా పీల్చాడని నాకప్పుడు తట్టింది. గట్టిగా పేరుపెట్టి పిలిచాను. ఉలిక్కిపడి, ఎక్సిలరేటరు తిప్పాడు.

సిలిండర్లోని గాలి గురించి నేను చదివింది కొద్దిగా గుర్తుకొచ్చింది. చెడ్డగాలి పైన నెమ్మదిగా చేసే పని నీటి ఒత్తిడిలో త్వరగా చేస్తుంది. కింద ఉన్నవాడికి తను మగతగా ఉన్నాడని తెలియదు. హాయిగా ఉందనుకుంటాడు. ఈ సంగతి దయాకర్‌కు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని అతని వీపు చూస్తే తెలుస్తోంది.

ఉప్పల్ చౌరస్తాకు ముందే బండ్లు ఆగిపోయాయి. సాయంత్రం స్టేడియంలో మ్యాచ్. పొద్దున్నే బారికేడ్లు కట్టి దారి మళ్లిస్తున్నారు. నారింజరంగు టీషర్టులు అమ్మేవాళ్లు అప్పుడే రోడ్డు మధ్యకు వచ్చేశారు. స్కూటరు ముందు చక్రం ఒక ఆటో వెనక ఇరుక్కుంది. దయాకర్ రెండు కాళ్లూ కింద పెట్టి, వెనక్కి తిరగకుండా అన్నాడు.

"సార్, మీరు సెప్పిన్రు జూడు, గా దొంగ చేప. గది నేనే."

 దిగి, బారికేడ్ దగ్గరున్న కానిస్టేబుల్‌తో నీళ్లలో మనుషులున్నారు, ప్రాణాల మీదికొచ్చింది అన్నాను. నా తెల్లజుట్టు చూశాడేమో, ఏ నీళ్లని అడగకుండా బారికేడ్ పక్కకు లాగాడు. మెట్రో స్తంభాల పక్కనుంచి నాగోల్ వైపు తిరిగి భగాయత్ ప్లాట్లలోకి వచ్చాం. ఇంకా ఇళ్లు లేని వెడల్పు రోడ్లు. అక్కడ మాత్రం దయాకర్ స్కూటరును పరుగెత్తించాడు.

కొలను గేటు తీసే ఉంది. గట్టుమీద ఒక అమ్మాయి, హరిత అని తర్వాత తెలిసింది, రబ్బరుసూటుతోనే కూర్చుని మోకాళ్లమీద తల పెట్టుకుని ఉంది. టిఫిన్ తినకుండా వచ్చానని, తల తిరిగితే పైకొచ్చేశానని చెప్పింది. మిగతావాళ్లెక్కడని దయాకర్ అడిగితే లోతువైపు చెయ్యి చూపించింది.

అటువైపు రెండు నిలువుల లోతు. నీలిపలకల మీద ముగ్గురు మోకాళ్లేసి కూర్చున్నారు. మురళీధర్, అతనికెదురుగా ఒక అమ్మాయి, పక్కన సుధీంద్ర అనే కుర్రాడు. ఆ అమ్మాయి స్నిగ్ధ. వచ్చే నెలలో అండమాన్ వెళ్లాల్సింది. బుడగలు గుత్తులుగా పైకొస్తున్నాయి. గట్టుమీదనుంచి అరిచినా వాళ్లకు వినబడదు.

దయాకర్ చెప్పులు విడవలేదు. స్పానరు తీసి, లోతువైపు దిగే ఇనుప నిచ్చెన పట్టుకుని నడుముదాకా దిగాడు. నిచ్చెన కడ్డీని నీళ్లలోపల స్పానరుతో కొట్టాడు. సముద్రంలో పడవవాళ్లు డైవర్లను వెనక్కి పిలవడానికి ఇలాగే కొడతారని ఎప్పుడో మురళీధరే అతనికి చెప్పాడు. పైన నాకు టక్‌టక్‌మని చిన్నగా వినిపించింది. కింద వాళ్లకు నెత్తిన కొట్టినట్టుండాలి. సుధీంద్ర వెంటనే తలెత్తాడు. మురళీధర్ కూడా తలెత్తి చూసి, అరచెయ్యి చాచాడు. ఆగమని.

ఆగమనడంలో తప్పులేదు. స్నిగ్ధ అప్పుడు కళ్లద్దాల మాస్కు తీసేసి, కళ్లు మూసుకుని, దాన్ని మళ్లీ పెట్టుకునే పాఠంలో ఉంది. ఆ సమయంలో కంగారుపడి ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. మురళీధర్ ఆమె పెట్టుకునేదాకా ఆగుదామనుకున్నాడు.

ఆమె పెట్టుకోవడం లేదు. మాస్కు చేతిలోనే ఉంది. చేతులు మాస్కు చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాయి, దాన్నెందుకు పట్టుకుందో మరిచిపోయినట్టు. ఆ నెమ్మది నేను హబ్సిగూడ రోడ్డు మీద చూసిన నెమ్మది.

దయాకర్ కూడా చూశాడు. ఈతరాని మనిషి, నిచ్చెన ఒక మెట్టు దిగాడు, ఇంకో మెట్టు దిగాడు. గడ్డం మునిగింది. నావైపు ఒకసారి చూసి, నోరు గట్టిగా మూసి, తల ముంచేశాడు. నేను వంగి అతని చొక్కా కాలరు పట్టుకున్నాను. నీళ్లలో అతను ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో మురళీధర్ వీపుమీది సిలిండర్ వైపు చూపించాడు, అరచేతిని గొంతుకడ్డంగా లాగాడు. మళ్లీ సిలిండర్, మళ్లీ గొంతు.

మురళీధర్‌కు అర్థమైంది. అతను తొందరపడలేదు. సుధీంద్రకు బొటనవేలు పైకి చూపించి వెళ్లమన్నాడు. స్నిగ్ధను వెనకనుంచి పట్టుకుని, ఆమె ఊపిరి వదులుతోందా లేదా అని బుడగలు చూసుకుంటూ, నెమ్మదిగా లేచాడు. అంత నెమ్మదిని నేనెప్పుడూ భరించలేదు. నా చేతిలో కాలరు బరువెక్కిపోతోంది. దయాకర్ ఇంకా తల పైకెత్తడం లేదు. వాళ్లు పైకి వచ్చేదాకా కిందికే చూస్తున్నాడు. చివరికి నేనే లాగాను. దగ్గుతూ, నీళ్లు కక్కుతూ నిచ్చెనకు వేలాడాడు.

స్నిగ్ధను గట్టుమీద పడుకోబెట్టారు. కళ్లు తెరిచే ఉంది, పేరడిగితే చెప్పింది, కానీ ఇవాళ ఏ వారమని అడిగితే ఆలోచించింది. మురళీధర్ తన ఆకుపచ్చ సంచిలోంచి ఆస్పత్రి ఆక్సిజన్ తీసి మాస్కు పెట్టాడు. అది దయాకర్ గాలి కాదు. హరితకూ పెట్టాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాక, తడిబట్టల్లో కూర్చున్న దయాకర్ వైపు తిరిగాడు.

"ఏమైందన్నా? గాలికేమైంది?"

దయాకర్ లేచి నిలబడ్డాడు. జనరేటరు సంగతి చెబితే సరిపోయేది. అది చాలు, ఎవరూ ఇంకేమీ అడగరు.

"పొగ జొచ్చింది సార్. నాకు ఎరకలేదు. నా ముక్కు పోయింది. కరోనప్పుడే పోయింది. మీకు సెప్పలె. మా హైమ వాసన సూస్తుండె. నిన్న గామె లేకుంటె కూడ పంపిన."

  అప్పుడే హైమావతి ఆటో దిగి లోపలికి వచ్చింది. మురళీధర్ పక్కన పడిఉన్న స్నిగ్ధ సిలిండర్‌ను ఆమె ముందుకు జరిపి, వాల్వ్ కొంచెం తిప్పాడు.

"వదినా, మీరు చూడండి."

ఆమె కూర్చుని తడిచేతిని అడ్డుపెట్టి వాసన చూసింది. మళ్లీ చూసింది. దయాకర్ ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

"ఏం లేదు," అంది. "ఎప్పటి లెక్కనే ఉన్నది. నిన్న నేనున్న గూడ మంచిగున్నదనే సెప్తుంటి."

ఆ మాటకు దయాకర్ తల దించుకున్నాడు. అప్పటిదాకా అతను తలదించుకోలేదు. పోయిన ముక్కు గురించి అతనికి ఇన్నాళ్లు ఉన్న భయం ఒకటి. ముక్కున్నా అంతే అయ్యేదని తెలియడం ఇంకొకటి.

సాయంత్రానికి స్నిగ్ధ, హరిత ఇద్దరూ కోలుకున్నారు. ఆస్పత్రివాళ్లు ఒకరాత్రి ఉంచుకుని పంపారు. దయాకర్‌కు కూడా రక్తపరీక్ష చేసి ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టారు. సోమవారం మురళీధర్, నాచారంలో ఒక ఫ్యాక్టరీ భద్రతాధికారి దగ్గర మీటరు అడిగి తెచ్చి, షెడ్డులో అందరి ముందూ ఆ గాలిని కొలిచాడు. స్నిగ్ధ, హరిత వాడినవాటి దగ్గర మీటరు ఆగకుండా కూసింది, గాలి వాలు మారినప్పుడు నిండిన మిగతావాటి దగ్గర కాసేపే. వడపోతలోని బొగ్గు పొగ వాసనను పూర్తిగా తాగేసి, వాసన లేని విషాన్ని మాత్రం వదిలేసిందని అతను వివరించాడు. కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు ఎంత బాగా పనిచేస్తే మనం అంత బాగా మోసపోతామన్నాడు. తనదీ తప్పేనని, మీటరు గురించి చెప్పి ఊరుకున్నానని కూడా అన్నాడు. గిరిప్రసాద్ జనరేటరును ముందుకు జరిపించి, ముఖం చెల్లక గుమ్మం దగ్గరే నిలబడితే, దయాకరే లోపలికి పిలిచి చాయ్ ఇచ్చాడు. "గొట్టం నాది. సూసుకోవాల్సింది నేను," అన్నాడు. కానీ సిలిండర్లు నింపడం ఆపేశాడు. షెడ్డు తీసి, నీళ్లతొట్టి కడిగి, మళ్లీ మూసేసేవాడు.

మురళీధర్ వచ్చి మళ్లీ నింపమన్నాడు. మీటరు ఉండాలి. గొట్టం మూతి కప్పుపైన, ఆకాశంకేసి ఉండాలి. మూడో షరతు విన్నాక దయాకర్ అతనికి పిచ్చెక్కిందేమో అన్నట్టు నావైపు చూశాడు. గాలి నింపేవాడు ఆ గాలిని ఒకసారైనా నీళ్ల కింద పీల్చాలి. ఒడ్డుమీద పీల్చింది లెక్కలోకి రాదు.

"నాకు ఈత రాదని తెలిసి కూడ?"

"ఈత అక్కర్లేదన్నా. నిచ్చెన దిగడం నీకొచ్చుగా. చూశాను."

మే నెలలో ఒక ఆదివారం దిగాడు. ఆ వారంలోనే స్నిగ్ధ అండమాన్ నుంచి వచ్చింది. ముఖం ఎండకు కమిలి, కబుర్లు ఆగడం లేదు. హేవ్‌లాక్ దీవి దగ్గర ఒక పగడపు బండ ఉందట. దానిమీద నీలిచారల చేపల దుకాణం, ముందు పెద్ద చేపలు వరసకట్టి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయట. నేను దయాకర్ ముఖం చూశాను. అతను రబ్బరుసూటులో చేతులు దూర్చుకోలేక తంటాలు పడుతూ ఎప్పటిమాటే అడిగాడు, గాలెంత మిగిలిందని. సగానికి పైగా, అంది స్నిగ్ధ. అతను దాన్ని గురించి కాసేపు ఆలోచించాడు.

సిలిండర్ అతను నింపిందే. ముందు మీటరు పెట్టి చూశారు, కూయలేదు. హైమావతి అయినా వచ్చి వంగి వాసన చూసింది.

"సముద్రం సూపిస్త అని పెండ్లాడినవ్," అంది మొగుడితో. "ఉప్పల్ల నల్లానీళ్లే సూపిస్తున్నవ్."

ఎవరూ గట్టిగా నవ్వలేదు. నిచ్చెన మొదటి మెట్టు మీద అతను రెండు చేతులతోనూ కడ్డీని వదలకపోవడం అందరికీ కనిపిస్తోంది. మురళీధర్ ముందు దిగి కింద నిలిచాడు. స్నిగ్ధ నీళ్లలో పక్కనే ఉండి అతని మణికట్టు పట్టుకుంది. గడ్డం మునిగేచోట దయాకర్ ఆగాడు. ఆ రోజు ఆగినచోటే. కొద్దిసేపు అక్కడే ఉన్నాడు, మేమంతా చూస్తుండగా. నోటిగొట్టాన్ని పళ్లతో గట్టిగా కరిచిపట్టి ఒక ఊపిరి తీసుకున్నాడు, వదిలాడు. రెండో ఊపిరి తీసుకుంటూ తల ముంచాడు.

మొదట ఏమీ రాలేదు. స్నిగ్ధ అతని ముఖం ముందు చెయ్యి ఊపుతోంది, ఊపిరి వదలమని. హైమావతి గట్టుమీద మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలోకి వంగిపోయింది. నేను ఆమె కొంగు పట్టుకోవాలా అనుకుంటున్నాను.

అప్పుడొచ్చాయి. పెద్ద బుడగ ఒకటి, దాని వెనక చిన్నచిన్నవి, గలగలమంటూ ఆమె ముఖానికెదురుగా పగిలాయి. ఆమె అలవాటుకొద్దీ వంగి వాసన చూసింది. ఏం చేస్తున్నానో అప్పుడు తెలిసి తనలో తనే నవ్వుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, తర్వాతి బుడగలు వస్తాయా రావా అని నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. వచ్చాయి. మళ్లీ వచ్చాయి.